బక్కల్ సార్ వార్షిక నివేదిక

వైశాలి మెట్రో స్టేషన్‌లో ఎస్కలేటర్ ఎక్కుతుండగా ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. మా పాత బడి పిల్లల గ్రూపులో దీపక్ పెట్టాడు. బక్కల్ సార్ పోయారు, ఆదివారం పొద్దున సాహిబాబాద్‌లో వాళ్ల అపార్ట్‌మెంట్ హాల్లో సంతాప సభ, అని హిందీలో రెండు ముక్కలు. చదవగానే నా చెయ్యి తనంతట తానే మెడ దగ్గరికి వెళ్లింది. అక్కడ టై లేదు. బడి వదిలి చాలా ఏళ్లయింది, టై ఎందుకుంటుంది? ఆఫీసు ఐడీ కార్డు ఉంది. అదీ తిరగబడి ఉంది. దాన్ని సరిచేసుకున్నాకే మెసేజ్ రెండోసారి చదివాను.

ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ దాన్ని జీతాలిచ్చే గుమాస్తా తప్ప ఎవరూ వాడినట్టు లేదు. పిల్లలందరికీ ఆయన బక్కల్ సార్. చొక్కా బొత్తాల వరస, బెల్టు బక్కల్, ప్యాంటు ముందు కుట్టు, మూడూ ఒకే గీత మీద ఉండాలని ఆయన పట్టుదల. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి ఒక కన్ను మూసి, తాపీమేస్త్రీ గోడని చూసినట్టు, ఒక్కొక్కరినీ పై నుంచి కిందికి చూసేవారు. గీత ఎక్కడైనా వంకరపోతే ఆ పిల్లవాణ్ని పక్కకి నిలబెట్టేవారు. చేత్తో మాత్రం ముట్టుకునేవారు కారు. "నువ్వే కట్టుకున్నావు, నువ్వే సరిచేసుకో" అనేవారు.

మా బడి ఢిల్లీ శివార్లలో ఇందిరాపురం పక్కన ఉన్న చిన్న ప్రైవేటు బడి. అందులో తెలుగు పిల్లలం వేళ్ల మీద లెక్కపెట్టేటంతమందిమి. మాది భీమవరం వైపు. అమ్మ నర్సు, ఆసుపత్రి ఉద్యోగం కోసం ఢిల్లీ వచ్చింది. సార్‌ది రేపల్లె. సోషల్ చెప్పేవారు, క్రమశిక్షణ చూసేవారు, వార్షికోత్సవం రోజున ఆ ఏడాది బడి సాధించిన విజయాల నివేదిక చదివేవారు. సోషల్ చెప్పడం ఆయనకి ఉద్యోగం. మిగతా రెండూ ప్రాణం.

ఆయన జేబులు చూస్తే చిన్న ఫ్యాన్సీ షాపు. పిన్నీసులు, మెరూన్ రిబ్బను ముక్కలు, ఒక దువ్వెన, నల్ల స్కెచ్ పెన్ను, తెల్ల సుద్దముక్కలు. సోమవారం తెల్ల కాన్వాసు బూట్లు వేసుకురావాలి. వాటి మీద మచ్చ కనిపిస్తే సుద్దముక్క చేతికిచ్చి, "రుద్దుకో" అనేవారు. నల్ల బూటు తోలు లేచిపోతే స్కెచ్ పెన్ను ఇచ్చేవారు. సోమవారాలు మా క్లాసులో ఎవరు నడిచినా వెనకాల కొంచెం పొడి రాలేది.

ఆయన హిందీ ఇంకో వినోదం. హిందీలో వస్తువులకి కూడా ఆడా మగా ఉంటాయి. సార్ ఆ పద్ధతిని ఒప్పుకోలేదు. బూటుని ఆడదాన్నీ, టైని మగవాణ్నీ చేసి నిర్భయంగా మాట్లాడేవారు. నీ బూటు మురికిగా ఉంది, నీ టై వంకరగా ఉంది అని చెప్పడానికి "తుమ్హారీ జూతా గందీ హై, తుమ్హారా టై టేఢా హై" అంటే పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వేవాళ్లు. ఒకసారి దీపక్ ధైర్యం చేసి, సార్, జూతా పుల్లింగం, అని సరిచేశాడు.

సార్ నావైపు తిరిగి తెలుగులో అన్నారు. "అమ్మాయ్, వాడికి చెప్పు. బూటుకి లింగం ఎందుకురా, పాలిష్ ఉండాలి గానీ."

నేను హిందీలో చెప్పాను. దీపక్ కాసేపు ఆలోచించి, పాయింటే, అన్నాడు.

మా బడి చదువులో గొప్పది కాదు. రోడ్డుకి అవతల పెద్ద బడి ఒకటి ఉండేది. వాళ్లు ప్రతి ఏడాదీ ర్యాంకులు వచ్చినవాళ్ల ఫొటోలతో కొండంత హోర్డింగు కట్టేవాళ్లు. మా గేటులోంచి చూస్తే ఆ మొహాలే కనబడేవి. ఎండకి వెలిసిపోయి, వానకి ముడుచుకుపోయి, మళ్లీ ఏడాది కొత్త మొహాలు వచ్చేదాకా మావైపే చూస్తూ ఉండేవి. సార్ రోజూ వాటిని తనిఖీ చేసేవారు. "ఒక్కడికీ టై నిటారుగా లేదు" అనేవారు. మేం పరీక్షలు తప్పినప్పుడు కూడా ఆయన మాట ఒకటే. "మార్కులు మన చేతుల్లో లేవు. బొత్తాలు మన చేతుల్లోనే ఉన్నాయి."

అలాంటి బడికి విజయాల నివేదిక రాయడం ఎంత కష్టమో ఆలోచించండి. సార్‌కి అదేమీ కష్టం కాదు. ఆయన ఎక్కడ చూసినా విజయమే కనబడేది. వేదిక మీద మైకు ముందు నిలబడి, గొంతు సవరించుకుని, ఇంగ్లీషులో గంభీరంగా చదివేవారు. చదరంగం పోటీకి మన విద్యార్థి వెళ్లి, అన్ని ఆటలూ పూర్తిగా ఆడి, క్షేమంగా తిరిగి వచ్చాడు. సైన్సు ప్రదర్శనలో మన అగ్నిపర్వతం పొగకి హాలంతా ఖాళీ చేయించవలసి వచ్చింది, ఇంకే బడి నమూనా అంత ప్రభావం చూపలేదు. ఈ ఏడాది మన విద్యార్థులెవరూ వెనక గోడ దూకలేదు. ఆ గోడ మీద ఆ ఏడాదే గాజుపెంకులు పెట్టించారన్న సంగతి నివేదికలో ఉండేది కాదు. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టేవాళ్లు. ఎవరి పిల్లవాడి పేరు ఎక్కడ వస్తుందో తెలియదు కాబట్టి అందరూ చెవులు రిక్కించి వినేవాళ్లు. ఒకసారి కంటి పరీక్షల శిబిరంలో చివరి వరస అక్షరాలు చదివినందుకు నా పేరు కూడా వచ్చింది. అమ్మ ఆ ముక్క భీమవరం ఫోన్ చేసి మరీ చెప్పింది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ప్రిన్సిపల్ మేడం ఈ నివేదికకి అడ్డుచెప్పారు. ఆమె పంజాబీ ఆవిడ, మంచిదే, కానీ యాజమాన్యం ఆమెని నిలదీసిందట. కప్పు లేదు, షీల్డు లేదు, ఇక విజయాల నివేదిక దేనికి, ఆ సమయంలో ఇంకో డాన్సు పెట్టుకోవచ్చు కదా అని. ఆమె సార్‌ని పిలిచి చెప్పారు. ఈసారి ఏదైనా ఒక బహుమతి తెండి, లేకపోతే నివేదిక ఉండదు.

ఆ రోజు మధ్యాహ్నం సార్ పాఠం చెప్పలేదు. కిటికీ దగ్గర నిలబడి హోర్డింగు వైపు చూస్తూ ఉండిపోయారు. మొహం చూస్తే జాలేసింది. మర్నాడు పొద్దున మాత్రం వెలిగిపోతూ వచ్చారు. ఫరీదాబాద్‌లో బడుల మధ్య కవాతు పోటీ ఉందనీ, అందులో సగం మార్కులు దుస్తులకేననీ ఆయనకి ఎక్కడో తెలిసింది. ప్రపంచంలో మేం గెలవగల పోటీ ఏదైనా ఉంటే అది ఇదే.

చలికాలం పొడుగునా సాధన చేయించారు. అందరిలోకి పొడుగని దీపక్‌ని ముందు నిలబెట్టారు. పొట్టిదాన్ని కాబట్టి నన్ను చివరి వరసలో చివర నిలబెట్టారు. దీపక్‌తో ఒక చిక్కుంది. వాడికి కుడీ ఎడమా తెలియవు. అన్నం తినే చెయ్యి గుర్తుపెట్టుకోరా అంటే, నేను రొట్టె రెండు చేతులతో తింటాను సార్, అన్నాడు. సార్ వాడి కుడి చేతికి వాచీ పెట్టించారు. పోటీ రోజున వాడు ఆ వాచీ తేవడం మరిచిపోయాడు.

ముందు రాత్రి వాన పడింది. పొద్దున పొగమంచు. బస్సు ఎక్కేముందు సార్ అందరి గీతలూ చూసుకున్నారు. నా జన్మలో అంత తెల్లగా మా బడి పిల్లలు ఎప్పుడూ లేరు. మా అమ్మ ఆసుపత్రి దుప్పట్లు ఉతికించే పద్ధతిలో, నీలిమందు పెట్టి, గంజి పెట్టి ఇస్త్రీ చేసింది. నేను సీట్లో ఆనుకోకుండా నిటారుగా కూర్చున్నాను.

ఫరీదాబాద్ దాదాపు చేరాం. ఎదురుగా లారీ వస్తే డ్రైవర్ భయ్యా బస్సుని పక్కకి దింపాడు, వెనక చక్రం బురదలో దిగబడిపోయింది. ఎంత రేజ్ చేసినా లేవలేదు. మగపిల్లలు దిగి తొయ్యాలన్నాడు. సార్ చాలాసేపు బురదనీ పిల్లలనీ మార్చి మార్చి చూసి, "యూనిఫాం పాడవకుండా తొయ్యండి" అని ఆజ్ఞ ఇచ్చారు.

వాళ్లు తోశారు. సార్ కూడా తోశారు. చక్రం ఒక్కసారి గిర్రున తిరిగి, ఉన్న బురదంతా వెనక్కి కొట్టింది. బస్సు రోడ్డెక్కింది. మేం ఆడపిల్లలం వెనక అద్దంలోంచి చూశాం. పిల్లలందరూ చిరుతపులుల్లా ఉన్నారు. సార్ కళ్లజోడు తీస్తే కళ్ల దగ్గర మాత్రం రెండు గుండ్రాలు తెల్లగా ఉన్నాయి. ఎవరూ నవ్వలేదు. ఆయన మొహంలో అంత బాధ ఉంది.

మైదానం గేటు దగ్గర బస్సు ఆగింది. అందరం దిగి వరసలో నిలబడ్డాం. సగంమంది మల్లెపూలు, సగంమంది బురదపాములు. సార్ అలవాటు కొద్దీ ఒక కన్ను మూసి చూశారు. చూసి, చూసి, మెల్లగా ఆయన ముఖం తేటపడింది.

"యూనిఫాం అంటే అర్థం ఏంటి?" అని అడిగారు, క్లాసులో అడిగినట్టే.

అందరం మా మా చొక్కాల వైపు చూసుకున్నాం.

"ఏకరూపం. అందరూ ఒక్కలా ఉండటం. తెల్లగా ఉండాలని ఎక్కడా లేదు." ఇదే ముక్క హిందీలో కూడా చెప్పారు. దీపక్‌కి అర్థమైంది. వాడు ఆడపిల్లల వైపు తిరిగి జాలిగా చూశాడు.

ముందుగా నా దగ్గరికే వచ్చారు. నేను వెనక్కి జరిగాను.

"సార్, వద్దు సార్. మా అమ్మ చంపేస్తుంది."

"చంపితే నివేదికలో రాస్తానమ్మా" అన్నారు. ఆయన హాస్యానికి అనలేదు.

అది మామూలుగా పూయడం కాదు. మగపిల్లల చొక్కాల మీద చుక్కలు పైన చిన్నవి, కింద పెద్దవి. మా మీద కూడా అలాగే రావాలి. జేబులోంచి దువ్వెన తీసి, బురదలో ముంచి, పళ్ల మీద బొటనవేలు లాగుతూ చిలకరించారు. నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూసి, మళ్లీ వచ్చి, భుజం మీద ఇంకో రెండు చుక్కలు వేశారు. నలుగురు పిల్లలు ఎక్కువ మురికిగా ఉన్నారని వాళ్లకి సుద్దముక్కలిచ్చి కొన్ని చుక్కలు చెరుపుకోమన్నారు. పక్కనుంచి వెళ్తున్న వేరే బడి టీచరు ఒకామె ఆగి, ఏదైనా జానపద నృత్యమా అని అడిగింది. కవాతు, అన్నారు సార్.

మా వంతు వచ్చింది. మైకులో మా బడి పేరు చెప్పగానే వెళ్లాం. జనం మా చొక్కాల వైపు వేళ్లు చూపించారు. అడుగులు మాత్రం అద్భుతంగా పడ్డాయి. చలికాలమంతా చేసిన సాధన ఊరికే పోలేదు. వేదిక దగ్గరికి రాగానే "దాహినే దేఖ్" అని కేక వినిపించింది, అంటే కుడివైపు తల తిప్పి ముఖ్య అతిథికి వందనం చెయ్యాలి. దీపక్ ఎడమవైపు తిప్పాడు. వెనకాల వాళ్లందరూ వాణ్ని చూసి ఎడమవైపే తిప్పారు. వేదికకి తలల వెనకభాగం చూపిస్తూ, ఒక్క తల తేడా లేకుండా, అవతల నీళ్ల ట్యాంకరుకి వందనం చేసుకుంటూ వెళ్లిపోయాం. ట్యాంకరు మీద కూర్చున్నాయన లేచి నిలబడి ప్రతినమస్కారం చేశాడు.

న్యాయనిర్ణేత ఒక రిటైరైన సైనికాధికారి, తెల్లని మీసాలాయన. మైదానం చివర మమ్మల్ని ఆపారు. కర్రతో మా చొక్కాల వైపు చూపించి, యే క్యా హై, ఇదేంటి, అని అడిగారు.

సార్ కాళ్లు దగ్గరికి చేర్చి నిలబడి, "యూనిఫాం, సర్" అన్నారు.

ఆయన వరస వెంబడి మెల్లగా నడిచారు. బక్కల్స్ చూశారు. బొత్తాలు చూశారు. చుక్కలు కూడా ఒకరితో ఒకరివి పోల్చి చూశారు. మీసం కింద నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయారు. మాకు బహుమతి రాలేదు. దుస్తులకి సున్నా ఇచ్చారట. వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో దీపక్ ఏడుస్తుంటే సార్ పక్కన కూర్చున్నారు. "తిప్పింది తప్పేరా. కానీ అందరూ ఒక్కసారే తిప్పారు. చూశావా?" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో దిగులు ఉంది. నివేదిక పోయిందని మాకందరికీ తెలుసు.

మర్నాడు అమ్మ నా చొక్కా పట్టుకుని బడికి వచ్చింది. ఇంకా చాలామంది అమ్మలు వచ్చారు. ప్రిన్సిపల్ మేడం గది నిండిపోయింది. మేడం ముందు సార్ నిలబడి ఉన్నారు.

"ఏంటండీ మాస్టారూ," అంది అమ్మ తెలుగులో, "పిల్ల బడికెళ్లిందా, వరినాట్లకెళ్లిందా?"

"తప్పయిందమ్మా. చొక్కాలన్నీ నాకిచ్చెయ్యండి. ఉతికిచ్చే పూచీ నాది."

ఇచ్చారు. సార్ రెండు పెద్ద దుప్పట్లలో మూటలు కట్టుకుని ఆటోలో పట్టుకెళ్లారు. ఆయనా, ఆయన భార్యా కలిసి ఉతికి మేడ మీద ఆరేశారట. రెండు రోజుల తర్వాత తళతళలాడుతూ తెచ్చారు. కానీ ఏ చొక్కా ఎవరిదో గుర్తు పెట్టాలన్న ఆలోచన ఆయనకి రాలేదు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి కదా. నాకొచ్చిన చొక్కా మోకాళ్ల దాకా వచ్చింది. దీపక్‌కి ఎవరిదో ఎంత చిన్నది వెళ్లిందంటే వాడు ఆ ఏడాదంతా చేతులు పైకెత్తలేదు. టీచర్లు ప్రశ్న అడిగితే కూర్చునే జవాబు చెప్పేవాడు. మధ్యాహ్నం భోజనాల వేళ మైదానంలో చొక్కాల మార్పిడి సంతలా సాగింది. నాది నాకు చివరి వరకూ దొరకలేదు. అమ్మ మాత్రం ఆ తెల్లదనం చూసి కోపం మరిచిపోయింది. సార్ భార్యకి ఫోన్ చేసి ఏ సబ్బు వాడారో కనుక్కుంది.

వార్షికోత్సవం వచ్చింది. కార్యక్రమంలో నివేదిక లేదు, దాని స్థానంలో ఒక భాంగ్రా ఉంది. సార్ హాలు వెనక ద్వారం దగ్గర నిలబడి, డాన్సు పిల్లల తలపాగాల మడతలు ఒక్కలా ఉన్నాయా అని చూస్తున్నారు. భాంగ్రా సగంలో కరెంటు పోయింది. జనరేటర్ పనిచెయ్యలేదు. చీకట్లో చిన్నపిల్లలు ఏడుపు మొదలెట్టారు. పెద్దవాళ్లు లేవబోతున్నారు. అప్పుడు హాలు మధ్యనుంచి ఒక గొంతు వినిపించింది. సార్ ఎప్పుడు అక్కడికి నడిచి వచ్చారో తెలియదు. చేతిలో కాగితం లేదు, ఉన్నా చదవడానికి వెలుతురు లేదు. ఇంగ్లీషు వదిలేసి, ఆడా మగా లేని తన హిందీలో మొదలుపెట్టారు.

ఈ ఏడాది బడి సాధించిన విజయాలు. ఎక్కడెక్కడి పేర్లో చెప్పారు. వరసగా అన్ని సోమవారాలూ తెల్ల బూట్లతో వచ్చినవాడు. టిఫిన్ పక్కవాడితో పంచుకుంటూ పట్టుబడినవాడు. లెక్కల్లో సున్నా నుంచి తొమ్మిదికి ఎదిగిన అమ్మాయి. ఏడుస్తున్న పిల్లలు ఆపి వినడం మొదలెట్టారు. ఆఖరికి ఫరీదాబాద్ సంగతి వచ్చింది. "కవాతులో న్యాయనిర్ణేత మన బృందాన్ని స్వయంగా ఆపి, ప్రతి విద్యార్థినీ దగ్గరగా పరిశీలించారు. ఇంకే బడికీ ఆ గౌరవం దక్కలేదు. వందనం అందుకున్నవారు లేచి నిలబడి ప్రతివందనం చేశారు."

చీకట్లో ఎవరో పకపకా నవ్వారు. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. నా పక్కన అమ్మ కూడా గట్టిగా కొడుతోంది. సరిగ్గా అప్పుడే లైట్లు వచ్చాయి, భాంగ్రా పాట మధ్యలోంచి మోగింది. సార్ మాట ఆపేసి, దొంగతనం చేస్తూ దొరికినవాడిలా మేడం వైపు చూశారు. ఆవిడ ముందు వరసలోంచి లేచి, పాట ఆపమని చెయ్యి ఊపారు. "పూరా కీజియే, సర్" అన్నారు. పూర్తి చెయ్యండి అని.

ఆయన పూర్తి చేశారు. చాలాసేపు పట్టింది. తలపాగాలు పెట్టుకున్న పిల్లలు వేదిక మీదే కూర్చుని విన్నారు.

ఆదివారం సాహిబాబాద్ వెళ్లాను. అపార్ట్‌మెంట్ హాల్లో కుర్చీలు చాలక గోడల పక్కన కూడా నిలబడ్డారు. అందరం ఉద్యోగాలు చేసుకుంటున్న పెద్దవాళ్లం. ఒకడు మొబైల్ షాపు నడుపుతున్నాడు, ఒకామె బ్యూటీ పార్లర్ పెట్టింది, దీపక్ క్యాబ్ నడుపుతాడు. వాడి పక్కన కూర్చుని ఎక్కడికి వెళ్లాలన్నా ఇప్పటికీ చేత్తో చూపించాలట. ఎవరినీ వేదిక మీదకి పిలవలేదు. సార్ భార్య ముందు కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరం వెళ్లి పలకరించాం.

"ఆంటీ, సార్ ఇంట్లో కూడా ఇంత కచ్చితంగా ఉండేవారా?" అని అడిగాను.

"మీ సారా?" అన్నారామె. "బనీను తిరగేసి వేసుకునేవారు. సాక్సు ఒక కాలికి నీలం, ఒక కాలికి గోధుమరంగు. లుంగీ కట్టుకుని అలాగే కూరగాయలకి కిందికి దిగిపోయేవారు. ఇదేంటండీ అంటే, ఇక్కడ గేటు దగ్గర ఎవరూ నిలబడలేదుగా అనేవారు."

సంతాప సభలో నవ్వకూడదు. మేం నవ్వాం. దీపక్‌కి హిందీలో చెప్తే వాడు కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఆమె కాసేపు మా అందరి మొహాలూ తీరిగ్గా చూశారు. హాలు నిండా మేమే.

"మీలో ర్యాంకులు వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా బాబూ?" అని అడిగారు.

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎవరూ లేరు.

"అనుకున్నాను" అన్నారామె. "కూర్చోండమ్మా అందరూ. టీ తాగి వెళ్దురుగాని."